గ్రంథసాక్ష్యము – శిలాసాక్ష్యము

ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాపని చేసి విశ్రాంతి గొన్న మావంటి మెట్రిక్యులేషను చదువరులు బౌద్ధమత పరిశోధనలను విమర్శింపబూనుట సాహసమే. అయినను కచేరీలో మేము నేర్చినది యొకటి కలదు. నిబంధనల పుస్తకము వేరు, హాజరుపట్టీ వేరు. ఉద్యోగి పదిగంటలకు రావలెనని పుస్తకము చెప్పును. ఎప్పుడు వచ్చెనో పట్టీ చెప్పును. పుస్తకమును మాత్రమే చూచి ఆ కచేరీ చరిత్ర వ్రాయబూనినవాడు సగము దారిలోనే నిలిచిపోవును.

అమెరికా పండితులు గ్రెగరీ షోపెనుగారు 1997లో వెలువరించిన ‘బోన్స్, స్టోన్స్ అండ్ బుద్ధిస్ట్ మాంక్స్’ అను వ్యాససంపుటి సారాంశము ఇంచుమించు ఇదియే. 1881లో రీస్ డేవిడ్సు పండితుడు పాళీ గ్రంథ ప్రకటన సంఘమును స్థాపించిన కాలము మొదలు, బౌద్ధమును చదువుట యనగా బౌద్ధగ్రంథములను చదువుటయే యని పెక్కురు తలచిరి. భిక్షువు వెండి బంగారములు గ్రహింపరాదని వినయపిటకము విధించుచున్నది గనుక భిక్షువులు నిర్ధనులనియు, స్తూపపూజ గృహస్థులదే యనియు, ఇల్లు విడిచినవారికి తల్లిదండ్రుల చింత లేదనియు నిర్ణయించిరి. శాసనము వేరొకటి చెప్పినచో అది మతము దిగజారిన కాలపు వికారమనిరి. నిజమైన మతము గ్రంథమునందే కలదను ఈ తలపు ప్రొటెస్టెంటు క్రైస్తవుల సంస్కారము నుండి వచ్చినదని షోపెనుగారి వాదము.

వారి నిదర్శనములలో మాకు మిక్కిలి నచ్చినది మాతాపితృభక్తికి సంబంధించినది. బౌద్ధము చీనాదేశమునకు పోయిన పిమ్మట అచ్చటివారే తల్లిదండ్రుల భక్తిని అందు చేర్చిరని పండితులు చెప్పుచుండిరి. కాని సారనాథమున దొరికిన, కనిష్కుని మూడవ యేటి బోధిసత్త్వ విగ్రహమును చూడుడు. దానిని ప్రతిష్ఠించినవాడు బలుడను భిక్షువు. తన తల్లిదండ్రులతోను, ఉపాధ్యాయులతోను గూడి ఆ కార్యము చేసినట్లు శాసనము చెప్పుచున్నది. నియమము తెలియక చేసెనందుమా? అతడు త్రిపిటకములు నేర్చినవాడని ఆ శాసనమే పలుకుచున్నది. అంతటి విగ్రహమునకు, దానిపై రాతిఛత్రమునకు ధనమెచ్చటిదో గ్రంథమాత్రపండితులు చెప్పవలెను.

మన శిలలును ఇట్టి సాక్ష్యమే యిచ్చుచున్నవి. చెన్నపట్టణము ఎగ్మూరులోని మ్యూజియమున అమరావతి ఫలకములను మేము పలుమారు చూచితిమి. అమరావతి శాసనములలో భిక్షువులును, భిక్షుణులును దాతలుగా కనుపింతురు. విధికుడను చర్మకారుడు తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో గూడి పూర్ణఘట ఫలకము నొసగెను. అతని పేరు మనకు చేరినది ఆ రాతివలననే.

నాగార్జునకొండయందు వీరపురుషదత్తుని పదునాల్గవ యేట ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనము మరియు విశేషమైనది. కాశ్మీరము, గాంధారము, చీనా, తోసలి, అపరాంతము, వనవాసి మున్నగు దేశములవారికి ధర్మమందు ప్రీతి కలిగించిన సింహళాచార్యుల ప్రస్తావన అందు కలదు. తోసలి నేటి ఒడిషాలోనిది, వనవాసి కర్ణాటకములోనిది, అపరాంతము కొంకణ తీరము. మన తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్న సీమల పేర్లు ఆనాడే కృష్ణాతీరమున చెక్కబడినవి!

అయినను షోపెనుగారి తీర్పు నంతటిని మేము అంగీకరింపజాలము. బర్జెసు పండితుడు 1887లోనే అమరావతి, జగ్గయ్యపేట స్తూపములపై గ్రంథము ప్రకటించెను. శిలాసాక్ష్యము అందుబాటులో నుండగనే పండితులు దానిని చిన్నచూపు చూచిరనుట సత్యమే. కాని దానికి క్రైస్తవ సంస్కారమే కారణమా? మనదేశపు పండితులును స్మృతులు చదివి గ్రామాచారములను తక్కువగా చూచుచునే యుండిరి. వారు ప్రొటెస్టెంటులు కారు గదా! గ్రంథము నెరిగినవాడు గ్రంథమునకే పెద్దపీట వేయుట అన్నిచోట్ల కలదు.

మరియొకటి. దానశాసనము రసీదు వంటిది. ఇచ్చినవాని పేరు అందుండును. ఇయ్యజాలని పేద యుండడు. ఎందుకిచ్చెనో చెప్పు మాటలు తరచుగా వాడుకమాటలే గాని హృదయమునకు సాక్ష్యములు గావు. ఆ మాటలను షోపెనుగారు ఒక్కొక్కచో అధికముగ నమ్మిరని మాకు తోచినది. 2004లో వెలువడిన మరియొక గ్రంథమున వారే మూలసర్వాస్తివాద వినయమును చదివి భిక్షువుల ఆస్తిపాస్తుల సంగతులు వివరించిరి. కావున పుస్తకమును సాక్షియే. పట్టీతో సరిచూచి చదువవలెను.

ఈ వివాదము మనకేల యని కొందరడుగవచ్చును. మన యిండ్లలో పలుకు తెలుగు పాఠ్యపుస్తకపు తెలుగువలె లేదని మన పిల్లలు చిన్నబోవుట మేమెరుగుదుము. ఆ పలుకును వికారమనరాదు; మన పెద్దలు ఎచ్చట ఎట్లు బ్రతికిరో చెప్పు శాసనమది. రామమందిరములలోని దాతల ఫలకములు, పాత శుభలేఖలు, సంఘపు రసీదు పుస్తకములు అట్టివే. వానిని పారవేయకుడు. మా తాతగారి జమాఖర్చుల పుస్తకమును ఒక పండుగకు ఇంటికి సున్నములు వేయించునపుడు పాతకాగితములవానికి తూచి యిచ్చినవారము మేమే. జీవితమంతయు ఇతరుల లెక్కలను భద్రపరచి, ఇంటి లెక్కను పోగొట్టుకొంటిమి. ఆ పొరపాటు మీయింట జరుగకుండుగాక.