పాకం చూసే చేయి

నర్సీపట్నం ప్రాంతంలో చెరకు రసం బెల్లంగా మారేది పెనం మీద. మరిగే రసంలో సున్నపు తేట వేసి, తేలిన మడ్డిని దేవుతూ ఉంటారు. మడ్డి బాగా విడవడానికి కొందరు బెండ మొక్కల జిగురూ కలుపుతారు. అసలు పనితనం దించే అదనులో ఉంది. వండేవాడు చుక్క పాకాన్ని చన్నీళ్లలో వేసి వేళ్లతో నొక్కుతాడు. గట్టి ఉండ కడితే దించవచ్చు. థర్మామీటరు లెక్కలో అది సుమారు 118 డిగ్రీల సెల్సియస్. ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే అచ్చు నిలవదు.

ఈ చెరకుకు శాస్త్రం తోడైంది 1913లో మొదలైన అనకాపల్లి పరిశోధన కేంద్రంలో. 87ఎ298, అదే విశ్వామిత్ర, అక్కడి చెరకు రకమే. ఆ కేంద్రం చూడవచ్చినవారు గానుగ దాకా వెళ్లకపోతే చూసింది సగమే. ఇక బెల్లం రంగు సంగతి: తెల్లదనం కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపిన బెల్లం సంతలో మెరుస్తుంది గానీ, కలపని బెల్లం కాస్త ముదురు రంగులోనే ఉంటుంది.