విమానాన్ని మోసే మడత

పట్టుచీర మడతలో నేర్పు మనకు తెలిసిందే. విమానాన్ని మోసే మడత కూడా ఒకటుంది, అది పారాచూట్‌ది. గ్లైడర్లకు, మోటార్ గ్లైడర్లకు బిగించే ఈ పారాచూట్ పైలట్‌తో సహా మొత్తం విమానాన్నే కిందికి దించుతుంది. పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి, అంచుకి అంచు కలిపి పేర్చి, ఒక్క తాడూ మెలిపడకుండా సవరించి, అదిమి అదిమి చిన్న మూటగా కుదిస్తారు. ఆపదలో, ఇంజిన్ ఉంటే, పైలట్ ముందుగా దాన్ని ఆపాలి. లేదంటే తిరిగే ప్రొపెల్లర్ తాళ్లను చుట్టేసుకుంటుంది. ఎర్ర పిడి గట్టిగా లాగితే చిన్న రాకెట్ ఆ మూటను బయటికి ఈడ్చుకుపోతుంది. నాకు ముచ్చటేసేది మాత్రం తాళ్ల మీద జారే స్లైడర్. పారాచూట్ గొడుగు ఒక్కసారిగా విచ్చుకుంటే ఆ కుదుపుకే చిరిగిపోవచ్చు. అందుకే స్లైడర్ దాని మూతిని కాసేపు బిగబట్టి, గాలి నిండేకొద్దీ కిందికి జారుతూ వదులుతుంది. ఎంత తెలివి! ఆపై విమానం సెకనుకు ఇంచుమించు 6-7 మీటర్ల వేగంతో దిగుతుంది. మెత్తగా కాదు లెండి, రెక్క విరగొచ్చు, చక్రాలు నలగొచ్చు. మనిషి దక్కుతాడు, అదే లెక్క. ఒక్కసారీ తెరవకపోయినా, సాధారణంగా ఐదారేళ్లకోసారి విప్పి, పరీక్షించి మళ్లీ మడుస్తారు. మడిచినవాళ్లు తమ పనితనం ఆకాశంలో విచ్చుకోవడం ఎన్నడూ చూడకపోవచ్చు. ఎప్పుడైనా అలాంటి విమానం ఎక్కితే, పిడికి పెట్టిన సేఫ్టీ పిన్ తీశారో లేదో అడగండి.