లోహక్షయము: పేరొకటి, పని యొకటి

ఇనుప మేకును తడిచోట ఉంచిన తుప్పు పట్టును; తగరపు పూత పూసిన నిలుచును. ఉన్నత పాఠశాలలో లోహక్షయమను పాఠము తరచుగా ఇంతటితో ముగియును. చెప్పినంతవరకు ఇది సత్యమే. కాని దీనినుండి విద్యార్థి రెండు పొరపాటు అభిప్రాయములు ఏర్పరచుకొనవచ్చును. మొదటిది, తగరమునకు క్షయము లేదని. రెండవది, క్షయమనగా లోహము తరుగుటయేనని. ఈ రెండును ఎంతవరకు నిలుచునో పరీక్షించుటకు ఓడలోని యంత్రశాల తగిన చోటు.

ఓడల ఆవిరి టర్బైన్లలో ఇరుసులను మోయు బేరింగులకు లోపలివైపు శ్వేతలోహపు పొర పోయుదురు. 1839లో అమెరికాలో బేరింగు నిర్మాణమునకు పేటెంటు పొందిన ఐజాక్ బాబిట్ పేర దీనిని బాబిట్ లోహమనియు అందురు. ఓడలలో వాడు రకములలో అధికభాగము తగరమే. తక్కినవి కొద్దిపాటి ఆంటిమొని, రాగి. మెత్తనిది గనుక ఈ లోహము నూనెలోని నలుసులను తనలో ఇముడ్చుకొని ఇరుసును కాపాడును.

కందెన నూనెలో ఉప్పునీరు చేరినచో పరిస్థితి మారును. ఆ నీరు విద్యుద్విశ్లేష్యముగా పనిచేయును. తగరపు పరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోవును. నీటిలో కరిగియున్న ఆక్సిజన్ వాటిని గ్రహించును. క్రమముగా నల్లని ఆక్సైడు పొర ఏర్పడును. ఇది శ్వేతలోహముకన్న ఎన్నో రెట్లు కఠినము. నలుసులు ఇందులో ఇమడవు, ఇరుసును గీయును.

అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. ఘన సెంటీమీటరు తగరము 7.3 గ్రాములు, తగరపు డయాక్సైడు 6.95 గ్రాములు తూగును. పరమాణుభారములతో లెక్క కట్టిన, ఆక్సైడు ఆక్రమించు చోటు మొదటి తగరపు చోటుకు సుమారు 1.3 రెట్లు. అనగా లోహము క్షయించుచుండగా పొర మందమగుచున్నది! నూనె నిలువవలసిన సన్నని సందు తగ్గును, వేడి పెరుగును, తుదకు శ్వేతలోహము కరిగి చెదరిపోవచ్చును. నడిసముద్రములో ఓడ ఆగుటకు అది చాలును.

కావున మార్చవలసినది పదము కాదు, నిర్వచనము. పరిసరములతో రసాయనికచర్య జరిపి లోహము తన లోహగుణమును కోల్పోవుట క్షయమని చెప్పిన, మేకు తుప్పును బేరింగు నల్లపొరయు రెండును అందులో చేరును. నివారణయు స్పష్టపడును. బేరింగుకు రంగు పూయ వీలులేదు గనుక పరిసరమునే శుద్ధి చేయవలెను. ఓడలలో అపకేంద్ర యంత్రముతో నూనెనుండి నీటిని వేరుచేయుట ఇందుకే.

ఇంతయు బోధించుటకు ప్రయోగశాల అక్కరలేదు. రెండు సాంద్రతలు, ఒక నల్లబల్ల చాలును.