ఊరి పేరే నేరమా?

1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టూవర్టుపురం దొంగలు’ అనే రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా తెరకు ఆ ఊళ్లో దొంగే కావాలి. దొంగను కథానాయకుణ్ణి చేస్తే మాకు గౌరవం ఇచ్చినట్టు కాదు, ముద్రకు రంగు వేసినట్టు.

మన తప్పుకు పరిస్థితిని, ఎదుటివాడి తప్పుకు వాడి స్వభావాన్ని కారణం చెప్పడం మనుషుల అలవాటు. ఎదుటివాడు వేరే కులమైతే ఆ తప్పు కులమంతటికీ అంటుతుంది. 1979లో పెటిగ్రూ అనే మనస్తత్వవేత్త దీన్ని వివరించాడు. మా ఎరుకలవాళ్ల విషయంలో అది ఏకంగా చట్టమైంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఊరూరా ఉప్పు, ధాన్యం అమ్ముకునే మా బతుకును రైళ్లూ ఉప్పు పన్నులూ దెబ్బతీశాయన్న సంగతి మాత్రం మరుగున పడింది.

1952లో చట్టం పోయింది, చూపు పోలేదు. తణుకు వీధుల్లో బుట్టలు, తట్టలు అమ్మి బిడ్డల్ని చదివించే మా ఆడవాళ్లు సినిమా కథకు పనికిరారు.

ఉపాధ్యాయులారా, బడిలో పెన్ను పోతే ముందు ఎవరి సంచి వెతుకుతున్నారో చూసుకోండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అప్పుడు తల దించుకోకండి. అందరి సంచులూ చూడమని అడగండి.