చర్చా తరగతి – ఇందుకూరుపేట ఉప్పు బావి

కళాశాలలో భూగోళశాస్త్రాన్ని ఉపన్యాసంతో గాక చర్చతో బోధించాలనే వాదానికి ఈనాడు బలం వచ్చింది. పదిమందో పన్నెండుమందో విద్యార్థులు, గుండ్రంగా వేసిన బెంచీలు, మధ్యన ఒక పటం. అధ్యాపకుడు తక్కువ మాట్లాడతాడు, విద్యార్థులు ఎక్కువ మాట్లాడతారు. ముచ్చటైన ఏర్పాటే. అయితే ఆ మాటలకు ఆధారమేమిటి అని అడిగి చూస్తేగాని ఈ పద్ధతి విలువ తేలదు.

నెల్లూరు కళాశాలలో ఇందుకూరుపేట ప్రాంతపు విద్యార్థులు కొందరున్న తరగతిని ఊహించుకోవచ్చు. వారి చర్చకు పనికివచ్చే బొమ్మ ఒకటి ఉన్నది. 1914లో మద్రాసుకు వచ్చి, 1919 నుండి బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేసిన స్కాట్లండు శాస్త్రజ్ఞుడు పాట్రిక్ గెడ్డీస్ గీసినది. కొండ నుండి సముద్రం దాకా నేలను నిలువుగా కోసినట్లు చూపి, ఎక్కడ ఏ వృత్తివారు ఉంటారో అందులో గుర్తించాడు: పైన గనికార్మికుడు, కట్టెలు కొట్టేవాడు, వేటగాడు, నడుమ గొర్రెలకాపరి, రైతు, చివర జాలరి. పెన్నకు దీనిని అన్వయించడం సులువు. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టిన ఈ నది దాదాపు 600 కిలోమీటర్లు ప్రవహించి, ఇందుకూరుపేటకు ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది. అనంతపురం వైపు వేరుసెనగ, గొర్రెలు, నెల్లూరు దగ్గర వరి, మైపాడులో వలలు. ఒక గంటలో బొమ్మ నిండిపోతుంది.

అంత సులువుగా నిండడమే అనుమానించదగిన విషయం. రైతుకూ జాలరికీ నడుమ ఉన్న రొయ్యల గుంటలను ఈ బొమ్మలో ఎక్కడ పెట్టాలి? ఉప్పునీరూ చదునునేలా ఆ తీరాన ఎప్పటినుండో ఉన్నాయి. గుంటలు మాత్రం 1980ల చివర, ఎగుమతి ధర ఆశ చూపిన తరువాతనే విస్తరించాయి. 1994–95లో తెల్లమచ్చల వ్యాధి వాటిని దెబ్బతీసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో పార్లమెంటు చట్టం చేసింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి లభించింది. ఈ ముప్పయి యేళ్లలో ఒకే కుటుంబం వరి నుండి రొయ్యకూ, రొయ్య నుండి కౌలు కూలికీ మారి ఉండవచ్చు. గెడ్డీస్ బొమ్మతో పేచీ పెట్టుకొన్న తరగతి, దానిని చక్కగా నింపి ఇచ్చిన తరగతి కంటె ఎక్కువ నేర్చినట్లే లెక్క.

అసలు చిక్కు బావి దగ్గర వస్తుంది. ఊరి బావి ఎందుకు ఉప్పబారింది? తరగతిలో ఒకరి తండ్రికి గుంట ఉంటుంది. ఆ గట్టు పక్కనే మరొకరి మడి. “మీ గుంట వల్లనే మా పైరు పోయింది” అనడానికి రెండు నిమిషాలు పట్టదు. లేదా గుంటవారి పిల్లవాడు తలవంచుకొని కూర్చుంటాడు, మిగిలినవారంతా ఏకాభిప్రాయానికి వస్తారు, చర్చ బాగా సాగిందని అధ్యాపకుడు సంతోషిస్తాడు. ఈ రెండవది మరింత చెడ్డది.

బావి ఉప్పబారడానికి దారులు ఒకటికంటె ఎక్కువ ఉన్నాయి. గుంటలోని నీరు పక్కలకూ కిందికీ ఊరవచ్చు. ఇంకొక దారి కంటికి కనిపించదు. తీరాన భూమి లోపల మంచినీరు, తేలిక కనుక, ఉప్పునీటిపై నిలిచి ఉంటుంది. 19వ శతాబ్దం చివర గైబెన్, 1901లో హెర్జ్‌బర్గ్ చూపిన లెక్క ప్రకారం సముద్రమట్టానికి పైన 1 మీటరు మంచినీరు ఉంటే, దిగువన సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. మోటార్లు పెట్టి పై మట్టాన్ని అర మీటరు దించితే, కింది ఉప్పు హద్దు కాలక్రమాన 20 మీటర్లు పైకి రాగలదు. తోడిన నీరు వరికి పోయినా, గుంటలో ఉప్పు తగ్గించడానికి పోయినా ఫలితం ఒకటే. ఈ లెక్క కదలని నీటికి, ఒకే తీరు ఇసుకకు వర్తిస్తుంది. బంకమట్టి పొరలున్న డెల్టాలో కొంత తప్పుతుంది. ఆ సంగతీ విద్యార్థులకు చెప్పవలె.

కనుక వాదించేముందు కొలవాలి. గుంట గట్టుకు 50, 200, 500 మీటర్ల దూరాన ఉన్న బావులను ఎన్నుకోవాలి. ప్రతి బావి లోతు, ఉప్పునీటి బకింగ్‌హాం కాలువకు దాని దూరం రాసుకోవాలి. నీటి విద్యుద్వాహకతను చూపే చిన్న పరికరం ఒకటి చాలు. గుంటకు దూరమయ్యేకొద్దీ ఉప్పు తగ్గితే ఊట మీద అనుమానం పెరుగుతుంది. దూరంతో నిమిత్తం లేకుండా లోతు బోర్లలోనే ఎక్కువగా ఉంటే తోడకం మీదికి పోతుంది. అప్పుడు గుంటవారి పిల్లవాడికి నోరు వస్తుంది: నీరు ఏ నెలలో నింపుతారో, ఏ నెలలో వదులుతారో అక్కడ అతనికే తెలుసు.

చర్చను మెచ్చుకొనేవారు సాధారణంగా మరచేది పంచాంగాన్ని. జిల్లా వర్షంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి, వెలిశాక జనవరిలో మరొకసారి అవే బావులను కొలిస్తేగాని పోలిక కుదరదు. నడుమ సెమిస్టరు ముగుస్తుంది, పరీక్షలు వస్తాయి, ‘పెన్న డెల్టాను వర్ణింపుము’ అనే ప్రశ్నకు జవాబు బట్టీపడుతుంది. సెప్టెంబరు కొలతల పుస్తకాన్ని జనవరి తరగతికి అప్పగించే ఏర్పాటు, దానికి కొన్ని మార్కులు, పాఠ్యప్రణాళిక వేసేవారు చేయవలసి ఉన్నది.