స్లాబ్ పోసిన రోజు ఫొటో

ఈ వారం నా బీపీ పెంచింది ఒక బిల్డర్ ఆఫీసు ఈమెయిల్. వచ్చింది నాకు కాదు, హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడికి. వాడు దాన్ని వాట్సాప్‌లో నాకు తోసేసి, "మామా, ఏం చెయ్యాలో చెప్పు" అన్నాడు. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లోని మా ఉసూర్‌లో సిగ్నల్ దొరికే చోటు చూసుకుని చదివాను. ఫ్లాట్ చేతికొచ్చి ఇది నాలుగో ఏడు. హాలు కిటికీ మూల నుంచి ఒక పగులు ఏటవాలుగా పైకి పాకింది. వానొస్తే దాని వెంట తేమ దిగుతోంది. ఆఫీసు వాళ్ల జవాబేమిటంటే, అది ప్లాస్టరింగ్‌లో మామూలుగా వచ్చే సన్న గీతట, స్ట్రక్చరల్ డిఫెక్ట్ కాదట, కాబట్టి బాధ్యత వాళ్లది కాదట. కావాలంటే పుట్టీ పెట్టి రంగు వేయిస్తారట, ఖర్చు మాత్రం వీడిదేనట.

పుట్టీ! నాకూ దానికీ ఉన్న వైరం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. గోడ లోపలి సంగతి బయటికి పొక్కకుండా దాచడంలో దాన్ని మించింది ఇంకోటి లేదని ఇదివరకే రాశాను. ఎడిటర్ గారు ఒకసారి ఆ వాక్యం కొట్టేశారు కూడా. అభిప్రాయం మాత్రం మారలేదు.

అయితే ఆ ఈమెయిల్‌లో అసలు తిరకాసు పుట్టీ కాదు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్‌లో మూడో సబ్ సెక్షన్ చూడండి. ఇల్లు అప్పగించిన రోజు నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలోనో నాణ్యతలోనో సేవల్లోనో మరే లోపం గానీ ప్రమోటర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా అడక్కుండా బాగు చేసివ్వాలి. చెయ్యకపోతే నష్టపరిహారం కట్టాలి. అంటే పగులు బీముదా ప్లాస్టర్‌దా అన్న పంచాయితీతో ఈ ఐదేళ్లలో పనే లేదు. రెండూ ఒకే గాటన ఉన్నాయి. కొన్నవాళ్లు మాత్రం ఆ పంచాయితీలోకి దిగి, అది స్ట్రక్చరలేనని రుజువు చెయ్యడానికి ఇంజినీర్ల చుట్టూ తిరుగుతూ గడువు దాటించుకుంటారు. బిల్డర్ ఆఫీసులకు కావాల్సిందీ అదే.

మేనల్లుడికి నేను చెప్పింది ఇంతే. సైట్ ఆఫీసుకెళ్లి మేనేజర్‌తో మాట్లాడొచ్చింది లెక్కలోకి రాదు. తేదీ వేసి, పగులు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయిందో రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపు. 30 రోజులు చూడు. తర్వాత రెరా అథారిటీకి ఫిర్యాదు పెట్టు. నష్టపరిహారం కూడా కావాలంటే దానికి అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గర వేరే దరఖాస్తు ఉంటుంది. రెండూ కలిపి ఒకే కాగితంలో రాసి తిరగ్గొట్టించుకున్నవాళ్లు ఉన్నారు. వినియోగదారుల కమిషన్ దారీ తెరిచే ఉంది, ఇళ్లు కట్టివ్వడం కూడా సేవేనని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది. ఈలోగా పగులుకు అడ్డంగా ఒక సన్న గాజుముక్క అతికించి, పక్కన తేదీ రాసిపెట్టు. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతోందన్నమాట. పాత ఇంజినీర్ల పద్ధతి, ఖర్చు లేదు.

ఇదంతా టైప్ చేసి పంపేసరికి నాకు ఇంకో కోపం పట్టుకుంది. జపాన్‌లో 2000 సంవత్సరం నుంచి కొత్త ఇంటి ముఖ్య నిర్మాణ భాగాలకూ, వాన లోపలికి రాకుండా ఆపే భాగాలకూ పదేళ్ల బాధ్యత ఉంది. హైదరాబాద్‌లో ఐదేళ్లు. మరి ఉసూర్‌లో? రెరాలో నమోదు కావాలంటేనే స్థలం 500 చదరపు మీటర్లయినా, ఫ్లాట్లు ఎనిమిదైనా దాటాలి. మా వైపు కొత్త ఇల్లంటే చాలా మటుకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇల్లే. 25 చదరపు మీటర్లు. మైదాన ప్రాంతాలకు 1 లక్షా 20 వేలు ఇస్తే, మాలాంటి నక్సల్ ప్రభావిత జిల్లాలకు 1 లక్షా 30 వేలు, అదీ విడతలుగా. కాంట్రాక్టర్‌కు అప్పజెప్పకూడదు, ఇల్లు ఎవరిదో వాళ్లే కట్టుకోవాలన్నది రూలు. దొంగ బిల్లులు ఆపడానికి పెట్టిన మంచి రూలే. కాకపోతే దానివల్ల ఇంటి యజమానీ బిల్డరూ ఒకే మనిషవుతారు. పగులొస్తే ఎవరి మీద వేస్తాడు కేసు?

ఇక్కడి పగుళ్లకు నేను చూసినంతలో పెద్ద కారణం మిర్చి. నవ్వకండి. మా దగ్గర ఇంటిపని ఊపందుకునేది వాగులు ఎండాక, ఫిబ్రవరి నుంచి మే దాకా. సరిగ్గా అప్పుడే మావాళ్లు కర్రెగుట్టల అవతలికి, తెలంగాణలోని చెర్ల, వెంకటాపురం వైపు, మిర్చి కోతకు పోతారు. ఆ కూలి డబ్బులు లేకపోతే స్లాబుకు తక్కువపడేది పూడదు, ఎందుకంటే లక్షా ముప్పైతో ఇల్లు పూర్తవదు. ఇంటిల్లిపాదీ చేలల్లో ఉంటే ఇక్కడ మేస్త్రీ స్లాబ్ పోసి తన దారిన పోతాడు. దాని మీద మట్టికట్టలు కట్టి నీళ్లు నిలిపేదెవరు? ఎండ ముదిరిన చోట కాంక్రీటును పది రోజులకు తగ్గకుండా తడపాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. బూడిద కలిసిన సిమెంటుకైతే 14 రోజులంటుంది. ఏప్రిల్ ఎండల్లో మా ఊరి బోరింగ్ దగ్గర తాగే నీళ్లకే వరస. పక్కింటి ముసలమ్మ పొద్దునో బిందె సాయంత్రమో బిందె పోస్తుంది. ఆ బిందె నీళ్లు కాలుతున్న స్లాబ్ మీద ఎంతసేపు నిలుస్తాయి? జూన్‌లో మొదటి వానకు ఇంట్లో గిన్నెలు పరుస్తారు.

మట్టి ఇళ్ల రోజుల్లో ఈ గొడవ లేదు. మా వైపు దోర్ల ఆదివాసుల ఇంట్లో బరువు మోసేవి కర్రలు, గోడ తడిక మీద మట్టి పూత. మట్టి ఏటా పగిలేదే. ఏటా ఆడవాళ్లు ఎర్రమన్ను మెత్తి అలికేవాళ్లు. పెంకులు ఏటా తిరగ వేసేవాళ్లు. మరమ్మతు పంచాంగంలోనే ఉండేది కనక గ్యారంటీ అడిగే పని ఉండేది కాదు. సిమెంటు వచ్చాక మరమ్మతు ఇక అక్కర్లేదన్న నమ్మకం కూడా దాంతోపాటే వచ్చింది.

చెర్ల నుంచి వచ్చి మా వైపు ఇళ్లు కట్టే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఇల్లు కట్టిన మొదటి వర్షాకాలం తనంతట తనే వస్తాడు. స్లాబ్ కింద నిలబడి పైకి చూస్తాడు, అవసరమైతే సిమెంటు కలిపి పూసిపోతాడు. డబ్బు తీసుకోడు. "నా చేతి పని అన్నా, నేనే చూసుకోవాలి" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా, రెరా 14వ సెక్షన్ ఇక్కడ రాత లేకుండానే అమలవుతోందని రాయాలనిపిస్తుంది. ఈ వారం కాలమ్ అలాగే ముగిద్దామనుకున్నాను. కానీ ఆయన ఎవరిళ్లకు వస్తాడో గమనిస్తే ఆ ముగింపు నిలవలేదు. రోడ్డు పక్క ఇళ్లకు వస్తాడు, మళ్లీ పని ఇచ్చేవాళ్ల ఇళ్లకు వస్తాడు. వాగు అవతల ఒంటరిగా ఉండే ఒకామె ఇంటికి రాలేదు. ఆయన చెడ్డవాడని కాదు, ఆమె దగ్గర ఆయనకు మళ్లీ పని లేదు.

పోనీ, చట్టమే ఇక్కడికి తెద్దామా? ఆవాస్ ఇళ్లకూ ఐదేళ్ల బాధ్యత పెట్టాలని రాయబోయి ఆగాను. పెడితే ఆ బరువు పడేది మేస్త్రీ మీద. రోజుకూలికి కట్టేవాడి మీద ఐదేళ్ల బాధ్యత వేస్తే వాడు ఉసూర్ రావడం మానేస్తాడు, లేకపోతే రేటు పెంచుతాడు. పెద్ద కంపెనీల దగ్గరే అది తేలదు. మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమై ఐదేళ్లు తిరక్కుండానే, 2023 అక్టోబర్ 21న, పిల్లర్లు కుంగితే, డిఫెక్ట్ లయబిలిటీ గడువు తీరిందా లేదా అన్న వాదనే ముందుకొచ్చింది. గుట్టల అవతల 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్లకు సాయం 5 లక్షలు, మాకంటే ఎంతో నయం. అయినా అక్కడా కట్టుకునేది లబ్ధిదారే, పగిలితే అడగాల్సిందీ తననే.

ఇంతలో మేనల్లుడు మళ్లీ ఫోన్. "మామా, లోపల లింటల్ సరిగ్గా కూర్చుందో లేదో ఎట్ల తెలుస్తది? గోడ పగలగొట్టాల్నా?" లింటల్ కిటికీకి అటూ ఇటూ గోడ మీదికి కనీసం ఆరంగుళాలు ఎక్కి కూర్చోవాలి. లేకపోతే వాడి పగులు లాంటివే మూల నుంచి మొదలవుతాయి. కానీ వాడు ఇల్లు చూసిందే పుట్టీ, రంగు అయ్యాక. మా వాగు అవతలి ఆమె ఇంటి సంగతి వేరు. పునాది అయినప్పుడు, లింటల్ అయినప్పుడు, స్లాబ్ పోసినప్పుడు ప్రతి విడతకూ ఆవాస్ పథకం పనులు చూసే ఆవాస్ మిత్ర వచ్చి ఫోన్‌లో ఫొటో తీశాడు. తేదీ, స్థలం దాంట్లోనే నమోదయ్యాయి. విడత డబ్బు విడుదల చెయ్యడానికి తీసిన ఫొటోలవి. కోటి రూపాయల ఫ్లాట్ కొన్నవాడి దగ్గర గోడ లోపలి సాక్ష్యం ఒక్కటి లేదు, ఆమె ఇంటిది మాత్రం ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంది. ఇప్పుడు నన్నడిగితే, ఉసూర్‌కు ఐదేళ్ల గ్యారంటీ కంటే ముందు ఆ ఫొటో కాస్త దగ్గరగా తియ్యడం కావాలంటాను. స్లాబ్ పోసే ముందు కట్టిన కడ్డీలదొకటి, లింటల్ చివరలదొకటి, పోసిన వారానికి నీళ్లు నిలిచి ఉన్న స్లాబ్‌దొకటి. డబ్బు విడతకు ముందే చూస్తే మేస్త్రీ ఇంకా ఊళ్లోనే ఉంటాడు, సరిచేయించడం గంట పని. మూడో ఫొటో తప్పనిసరైతే, మిర్చి చేలో ఉన్న కుటుంబంలో ఒకరైనా ఆ వారం ఇంటికి వచ్చిపోతారు.

ఆవాస్ మిత్ర కుర్రాడికి ఈ మాట చెప్పాను. "యాప్‌లో కడ్డీల ఫొటోకు చోటు లేదు తాతా" అన్నాడు. అయితే తీసి, ఇప్పుడు కట్టుకుంటున్న ఇంటామె ఫోన్‌లోకి పంపమన్నాను. ఆమెకు ఫోన్ లేదట, తమ్ముడికి ఉందట. సరే, తమ్ముడికే పంపమన్నాను.