బార్టోక్ తీగను దెయ్యాల పాలు చేశారు

ఫిడేలు తీగను వేలితో మీటితే వచ్చే నాదం అందరం ఎరిగిందే. అదే తీగను వేళ్లతో పట్టి నిట్టనిలువుగా పైకి లాగి వదిలితే ఫింగర్‌బోర్డు చెక్కకు తగిలి కొరడా ఝళిపించినట్టు ఛెళ్లుమంటుంది. స్వరమూ దెబ్బా ఒక్క క్షణంలో పుడతాయి. హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ 1928లో నాలుగో స్ట్రింగ్ క్వార్టెట్ రాశాక ఈ మీటుకు ఆయన పేరే స్థిరపడింది. ఏ దేశపు వయొలిన్ విద్యార్థిని అడిగినా దాన్ని బార్టోక్ పిజికాటో అనే అంటాడు.

ఆ క్వార్టెట్‌ను ఎంత పొగిడినా నాకు తనివి తీరదు. అయిదు భాగాలు. రెండో భాగంలో నాలుగు వాయిద్యాలకూ మ్యూట్లు తగిలించి, ఊపిరి తిప్పుకోనివ్వని వేగంతో పరుగెత్తిస్తారు. నాలుగో భాగంలో నలుగురూ కమానులు పక్కన పెట్టేయాలి. మొదటినుంచి చివరిదాకా మీటడమే. రెండో భాగంలో అరస్వరాల మధ్య ఇరుకుగా పాకిన వరసే ఇక్కడ పెద్ద పెద్ద అంగలు వేస్తుంది. వాటి నడుమ ఉన్న మూడో భాగం ఇంకా గొప్పది. మూడు వాయిద్యాలు కంపనం లేకుండా ఒక స్వరగుచ్ఛాన్ని నిలబెడతాయి. కాసేపటికి అదే గుచ్ఛానికి కంపనం ఇమ్మంటారు బార్టోక్. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న నాదంలోకి ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. దాని మీద చెల్లో తాళానికి కట్టుబడకుండా, మాట లయలో పాడుకుంటూ పోతుంది. ఎన్ని బృందాలు వాయించినా నా ఓటు వేగ్ క్వార్టెట్‌కే. చాలామంది దీన్ని బలప్రదర్శనగా మారుస్తారు. వాళ్లు మాత్రం మాట్లాడినట్టు వాయిస్తారు.

ఆ మాట లయ పల్లెల నుంచి వచ్చింది. 1904లో పిల్లల్ని ఆడించే ఒక పల్లెపడుచు పాడుకుంటుంటే బార్టోక్ చెవినపడింది. ఆ తర్వాత తోటి స్వరకర్త జోల్తాన్ కొదాయ్‌తో కలిసి ఎడిసన్ ఫోనోగ్రాఫు, మైనపు సిలిండర్లు మోసుకుంటూ ఊళ్లు పట్టారు. హంగరీ, స్లోవాక్, రుమేనియా పాటలు వేలల్లో సేకరించారు. 1913లో అల్జీరియాలోని బిస్క్రాకు, 1936లో టర్కీకి కూడా వెళ్లారు. నగరాల హోటళ్లలో జిప్సీ బృందాలు వాయించేదే హంగరీ సంగీతమని లిస్ట్ అంతటివాడు నమ్మిన రోజుల తర్వాత, ఒక స్వరకర్త చెవి నేరుగా రైతు ఇంటి గుమ్మానికి చేరింది. ఆధునికతంతా వియన్నాలోనే పుట్టిందనేవాళ్లు ఈ సంగతి ఎందుకు దాటేస్తారో నాకు అర్థం కాదు.

1936లో బాసెల్ నగరంలోని పాల్ సాఖర్ బృందం కోసం రాసిన ‘మ్యూజిక్ ఫర్ స్ట్రింగ్స్, పెర్కషన్ అండ్ సెలెస్టా’ మొదటి భాగం చూడండి. మ్యూట్ వేసిన వయోలాలు ‘ఎ’ స్వరం మీద ఒక వరస ఎత్తుకుంటాయి. ఆ తర్వాత అదే వరసను ఒకరు పంచమం పైకి, ఇంకొకరు పంచమం కిందికి అందుకుంటూ పోతారు. మన లెక్కలో ‘ఎ’ షడ్జం అనుకోండి. పైకి ఆరు పంచమాలు ఎక్కినా, కిందికి ఆరు పంచమాలు దిగినా చేరేది ప్రతి మధ్యమానికే. రెండు దారులూ అక్కడ కలిసినప్పుడు తీగలన్నీ ఒక్క గొంతుతో అరుస్తాయి. అక్కడినుంచి వరసను తలకిందులు చేసి, వచ్చిన దారినే మళ్లీ షడ్జానికి తీసుకొస్తారు. షడ్జ పంచమాల చుట్టరికం తెలిసిన మన శ్రోతకు ఇంతకంటే పెద్ద విందు లేదు.

నా కోపం ఈ కృతి మూడో భాగం దగ్గరే. జైలోఫోన్ మీద ఒకే స్వరం నెమ్మదిగా మొదలై, వేగం పుంజుకుని, మళ్లీ నెమ్మదిస్తుంది. టింపనీ వాద్యకారుడు కాలితో పెడలు తొక్కుతూ నాదాన్ని జారుస్తాడు. 1980లో స్టాన్లీ కుబ్రిక్ దీన్ని ‘ది షైనింగ్’ సినిమాలో వాడాడు. ఆయన అసలు కృతినే వాడాడు, అంతవరకు మెచ్చుకోవాలి. తర్వాత వచ్చినవాళ్లు తోలు వలిచి అమ్ముకున్నారు. ఇప్పుడు కంప్యూటర్‌లో ముందే నింపిపెట్టిన శబ్దాలుంటాయి. కీబోర్డు మీద ఒక్క మీట నొక్కితే ఛెళ్లుమనే తీగ, ఇంకోటి నొక్కితే జారే నాదం. మన దెయ్యాల సినిమాల్లో తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అదే మోత. పంచమాల నడక లేదు, ముందూ వెనకా లేదు, ఉలికిపాటు ఒక్కటే. 1926 నాటి బార్టోక్ పియానో రచన ‘అవుట్ ఆఫ్ డోర్స్’లో ‘రాత్రి సంగీతం’ అని ఒక భాగం ఉంది. అందులో కప్పల బెకబెకలు, పురుగుల రొద వింటాం. ఈ మూడో భాగమూ ఆ వంశానిదే. పల్లె రాత్రిని అంత ప్రేమగా విన్న మనిషి సొత్తును పట్టుకెళ్లి శవాల గదిలో పెట్టడం దొంగతనం కంటే పెద్ద తప్పు.

అవతలి పక్క పండితులూ తక్కువ తినలేదు. బార్టోక్ పోయిన రెండేళ్లకే, 1947లో, పన్నెండు స్వరాల పద్ధతి తెచ్చిన వియన్నా స్వరకర్త షోన్‌బెర్గ్ పక్షపాతి రెనే లీబోవిట్జ్ ఆయన రాజీపడ్డారని వ్యాసం రాశాడు. నాలుగో క్వార్టెట్‌తో శిఖరమెక్కి తర్వాత దిగిపోయారట! 1944లో బోస్టన్‌లో మొదటిసారి మోగిన ‘కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ను జనం గుండెలకు హత్తుకోవడమే ఆయన చేసిన నేరం కాబోలు. పన్నెండు స్వరాల పట్టీ పక్కన పెట్టుకుని రాసేవాళ్లకు ఈ చెవి ఎప్పుడూ అంతుపట్టలేదు.

హైదరాబాద్‌లో, విజయవాడలో పియానో నేర్పే గురువులకు ఒక విన్నపం. గ్రేడు పరీక్ష కోసం బార్టోక్ ముక్క ఒకటి బట్టీ పట్టించి వదిలేయకండి. ఆయన కొడుకు పీటర్‌కు అంకితమిచ్చిన ‘మిక్రోకోస్మోస్’ మొదటి రెండు సంపుటాలతోనే పిల్లల్ని మొదలుపెట్టించండి. మొత్తం ఆరు సంపుటాలు, 153 రచనలు. చివరి ఆరూ బల్గేరియా లయలో నృత్యాలు. 149వది రెండు, రెండు, మూడుగా నడుస్తుంది. శ్యామశాస్త్రి కృతుల్లో విలోమ చాపు విన్న తెలుగు పిల్లలకు అది పరాయిదిగా తోచదు. 148వది నాలుగు, రెండు, మూడు. అది నేర్పే రోజున పాఠానికి మృదంగం నేర్చుకునే పిల్లలను కూడా పిలిచి పియానో పక్కన కూర్చోబెట్టి తాళం వేయించండి.